చిన్న స్కేలు అంటే చిన్న ఖర్చు అని కాదు

నమూనా రైళ్ళ గురించి మీరు అడిగిన ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. గోడ వారగా 180 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల బల్ల ఉంది. అంతకు మించి చోటు లేదు. నెలనెలా కొంత తప్ప ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేరు. ఆరు పెట్టెల ఎక్స్‌ప్రెస్ రైలు బల్ల చుట్టూ తిరుగుతుంటే చూడాలని కోరిక. ఎనిమిదేళ్ళ పాప కూడా ఆడుకుంటుంది. బంధువు ఒకరు పాత హెచ్‌ఓ ఇంజను, అంటే అసలు దానిలో 87వ వంతు ఉండేది, ఇచ్చారు. 160వ వంతు ఉండే ఎన్ స్కేలు ఇంకా చిన్నది కనుక చవకగా పడుతుందని ఎవరో చెప్పారు. అటు మారాలా, ఇంజను ఎలాగూ ఉంది కదా అని హెచ్‌ఓలోనే ఉండాలా అన్నది మీ సందేహం.

చుట్టూ తిరిగే రైలే కావాలంటే మీ బల్లకు ఎన్ తప్ప వేరే దారి దాదాపు లేదు. కానీ అది చవక కాబట్టి కాదు. తిరగకపోయినా ఫరవాలేదు, పెట్టెలు విడదీసి కలిపే పని ఉంటే చాలు అనుకుంటే హెచ్‌ఓ మీకు ఇంకా బాగుంటుంది, ఖర్చూ తగ్గుతుంది. కాబట్టి ముందు తేల్చుకోవలసింది స్కేలు కాదు. రైలు తిరుగుతుంటే చూస్తూ కూర్చునే మనిషా మీరు, రైలుతో ఏదో ఒక పని చేయించే మనిషా అన్నది.

ఎన్ చవక అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బొమ్మ సగం ఉంది కదా, ధర కూడా సగం ఉంటుందనుకుంటారు. ఇంజను ధరలో ప్లాస్టిక్ వాటా చాలా తక్కువ. అచ్చు తయారీ, మోటారు, పళ్ళ చక్రాలు, చిన్న అక్షరాలు అద్దడం, చేతితో బిగించడం, వీటికే డబ్బంతా పోతుంది. పరిమాణం తగ్గినంత మాత్రాన ఇవేవీ తగ్గవు. అందుకే ఒకే నాణ్యత గల ఎన్ ఇంజనుకూ హెచ్‌ఓ ఇంజనుకూ ధరలో పెద్ద తేడా కనిపించదు. పైగా ఇంకో చిక్కు ఉంది. 160ని 87తో భాగిస్తే 1.84 వస్తుంది, దాన్ని దానితోనే గుణిస్తే సుమారు 3.4. అంటే ఒకే వైశాల్యం గల బల్ల మీద హెచ్‌ఓ కంటే ఎన్‌లో మూడు రెట్లకు పైగా ప్రపంచం పడుతుంది. అంత చోటు కనిపించాక ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. ఇంకో లూప్ లైను వేద్దాం, ఇంకో రెండు పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించేవి), ఇంకో రైలు అంటూ సామాను పెరుగుతుంది. హెచ్‌ఓలో రెండు పాయింట్లకే నిండిపోయే బల్ల ఎన్‌లో ఎనిమిది అడుగుతుంది. చిన్న స్కేలు చోటును ఆదా చేస్తుంది. డబ్బును ఆదా చేసేది మన నిగ్రహమే.

పేర్ల గందరగోళాన్ని కాస్త సర్దుకుందాం. లేకపోతే పాత సామాను కొనేటప్పుడు డబ్బు వృథా అవుతుంది. స్కేలు అంటే అసలు రైలుకూ బొమ్మకూ మధ్య నిష్పత్తి. గేజు అంటే పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ 1:87, గేజు 16.5 మిల్లీమీటర్లు, 87తో గుణిస్తే అసలు ప్రామాణిక గేజు 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. ఎన్‌లో గేజు 9 మిల్లీమీటర్లు. టీటీ 1:120, గేజు 12. ఇంతవరకు సులువే. బ్రిటన్‌లో వాడే ఓఓ మాత్రం 1:76 స్కేలు అయినా హెచ్‌ఓ పట్టాల మీదే నడుస్తుంది. నడుస్తుంది కదా అని రెండింటినీ కలిపితే ఓఓ పెట్టె పక్కన హెచ్‌ఓ పెట్టె బక్కచిక్కినట్టు కనిపిస్తుంది. తేడా సుమారు 15 శాతం. ఎన్‌లోనూ ఇదే కథ: అమెరికా, ఐరోపా తయారీలు 1:160, బ్రిటిష్‌వి 1:148, జపాన్‌వి చాలావరకు 1:150, బుల్లెట్ రైళ్ళు మాత్రం 1:160. అన్నీ 9 మిల్లీమీటర్ల పట్టాల మీదే తిరుగుతాయి. తిరిగే రైలులో ఈ తేడా కంటికి అంతగా ఆనదు గానీ ఇళ్ళు, మనుషుల బొమ్మలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ బల్ల దగ్గరకు వద్దాం. టేపు తీసుకుని కొలవండి. హెచ్‌ఓ రెడీమేడ్ పట్టాల్లో ఐరోపా తయారీదారుల చిన్న వంపు వ్యాసార్థం 360 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అమెరికాలో వాడుకలో ఉన్న 18 అంగుళాల వంపు 457. మొదటిదే తీసుకున్నా సగం చక్రం తిరగడానికి 72 సెంటీమీటర్లు కావాలి. ఆపైన స్లీపర్ల వెడల్పు, అంచు నుంచి ఇంజను కింద పడకుండా ఇరువైపులా ఓ నాలుగైదు సెంటీమీటర్లు. 80 సెంటీమీటర్లకు తక్కువైతే హెచ్‌ఓ రైలు గుండ్రంగా తిరగదు. మీకున్నవి 60. ఎన్‌లో కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టాల 249 మిల్లీమీటర్ల వంపు తీసుకుంటే 50 సెంటీమీటర్లలో తిరిగిపోతుంది, ఇరువైపులా కాస్త అంచు కూడా మిగులుతుంది. టీటీలో 267 మిల్లీమీటర్ల వంపు దొరుకుతుంది. లెక్క ప్రకారం పడుతుంది, కానీ రైలు బల్ల అంచును రాసుకుంటూ వెళ్తుంది.

పట్టడం వేరు, చూడటానికి బాగుండటం వేరు. మీరు అడిగిన ఎక్స్‌ప్రెస్ పెట్టె అసలు పొడవు 23 మీటర్లనుకుందాం. ఎన్‌లో అది 144 మిల్లీమీటర్లు. ఈ అభిరుచిలో చాలాకాలంగా చెప్పుకునే లెక్క ఒకటి ఉంది: వంపు వ్యాసార్థం అతి పొడవైన పెట్టెకు కనీసం మూడు రెట్లుంటే రైలు నమ్మకంగా నడుస్తుంది, నాలుగు రెట్లుంటే చూడటానికీ బాగుంటుంది. 144కు మూడు రెట్లంటే 432. మీకు దొరికేది 249, అంటే రెండు రెట్లు కూడా లేదు. పెట్టె కింద ముందూ వెనకా ఉన్న చక్రాల సెట్ల మధ్య దూరం సుమారు 100 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ వంపులో పెట్టె నడుము పట్టాల మధ్య రేఖ నుంచి లోపలికి 5 మిల్లీమీటర్లు జరుగుతుంది, చివరలు బయటికి పొడుచుకొస్తాయి. 5 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఎన్ స్కేలులో అది 80 సెంటీమీటర్లు. వంపు పక్కన స్తంభం పెడితే రైలు దాన్ని పడగొడుతుంది. తయారీదారులు ఈ వంపుల కోసమే పెట్టెలను రూపొందిస్తారు కనుక రైలు పట్టాలు తప్పదు. కానీ పెట్టెకూ పెట్టెకూ మధ్య పుట్టే ఎడం చూస్తే ఎక్స్‌ప్రెస్ దర్జా పోతుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, కురచ పెట్టెలు తీసుకోవడం: పాత కాలపు 12, 15 మీటర్ల పెట్టెలు, లేదా రెండు పెట్టెల డీజిల్ రైలుకారు. రెండోది, వంపులను కొండ కిందో ఇళ్ళ వెనకో దాచేసి, నేరుగా ఉండే భాగాన్నే చూసేవాళ్ళకు చూపించడం. మీ బల్ల మీద నేరుగా సాగే పట్టా ఒక్కో వైపు సుమారు 1.25 మీటర్లు వస్తుంది. ఆరు పొడుగు పెట్టెలూ ఇంజనూ కలిపి దాదాపు మీటరు. అంటే రైలు తల ఒక వంపులో దూరే వేళకు తోక అవతలి వంపు నుంచి బయటపడి ఎంతో సేపు కాదు. నాలుగు పెట్టెలకు తగ్గించండి. రైలు ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో వెళ్తున్నట్టు ఉంటుంది. ఇంకో సంగతి: గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 1:160కి కుదిస్తే సెకనుకు 10 సెంటీమీటర్ల చిల్లర. ఆ వేగంతో మీ చుట్టు పూర్తి కావడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. కొత్తవాళ్ళు దీనికి మూడు నాలుగు రెట్ల వేగంతో తోలుతారు. నెమ్మదిగా తోలడం నేర్చుకుంటే అదే బల్ల పెద్దదవుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా వంతెనపై దాటాలన్న ఆశ ఉంటే ఇప్పుడే వదులుకోండి. కింది రైలు దూరడానికి ఎన్‌లో సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున వాలు వేస్తే ఎక్కడానికి రెండున్నర మీటర్లు, దిగడానికి మరో రెండున్నర. మీ చుట్టు మొత్తం పొడవే 4.1 మీటర్లు. వాలును నూటికి నాలుగు చేస్తే కుదురుతుంది గానీ చిన్న ఇంజను నాలుగు పెట్టెలను లాగలేక చక్రాలు జారుతూ నిలబడిపోతుంది.

ఎన్‌ను సిఫారసు చేసే వాళ్ళు సాధారణంగా చెప్పని విషయం బరువు. అన్ని కొలతలూ 1.84 రెట్లు తగ్గితే బరువు సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. అమెరికన్ నమూనా రైళ్ళ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచించే బరువుల ప్రకారం 6 అంగుళాల హెచ్‌ఓ వ్యాగన్ సుమారు 113 గ్రాములు ఉండాలి; దానికి సమానమైన ఎన్ వ్యాగన్ 28 గ్రాముల దగ్గర. ఇంజను విషయంలో ఈ తేలికతనం ఇంకా ఇబ్బంది పెడుతుంది. పట్టాల నుంచి కరెంటు చక్రాల ద్వారానే రావాలి. చక్రం బలంగా ఆనకపోతే చిన్న దుమ్ము రేణువు కూడా దాన్ని ఆపేస్తుంది. హెచ్‌ఓ ఇంజను తొక్కుకుంటూ పోయే మురికి మీద ఎన్ ఇంజను తడబడుతుంది. కనుక ఎన్ అంటే పట్టాలు తరచుగా తుడవడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ చాలు. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, ఆ గీతల్లోకి మురికి మరింత దూరుతుంది.

చేతుల సంగతి కూడా చూడాలి. ఎనిమిదేళ్ళ పాప హెచ్‌ఓ పెట్టెను పట్టాల మీద ఎక్కించగలదు. ఎన్ పెట్టె కింద ఎనిమిది చిన్న చక్రాలు ఒకేసారి సరిగా కూర్చోవాలి, పెద్దవాళ్ళకే విసుగొస్తుంది. ఏటవాలుగా ఉండి పెట్టెను పట్టాల మీదకు జార్చే ప్లాస్టిక్ ముక్క ఒకటి దొరుకుతుంది. ఎన్ కొంటే దాన్ని మొదటి రోజే కొనండి. దగ్గరి చూపు మసకబారే వయసులో మీరు ఉంటే, ఎన్ పెట్టెల కొక్కేలను బల్ల మీద వంగి విడదీయడం ఎలా ఉంటుందో ఎవరి దగ్గరైనా ఒకసారి చేసి చూడండి. ఆ తర్వాతే డబ్బు పెట్టండి.

మిగతా స్కేళ్ళను ఒక చుట్టు చుట్టేద్దాం. జెడ్ 1:220, జర్మన్ కంపెనీ మార్క్లిన్ 1972లో తెచ్చింది. ముచ్చటగా ఉంటుంది, కానీ ఎంపిక తక్కువ, ధర ఎక్కువ, నడిచే వోల్టేజీ వేరు. తక్కువ బడ్జెట్ వాళ్ళకు కాదు. ఎస్ 1:64, అందమైన పరిమాణమే, సామానే దొరకదు. ఓ (ఇంగ్లీషు O) స్కేలు దేశాన్ని బట్టి 1:48, 1:45, 1:43.5, ఒక్క పెట్టె అర మీటరు, మీ బల్ల మీద మూడు పెట్టి మురిసిపోవాలి. జీ పేరుతో నడిచే పెద్ద బొమ్మలకు గేజు 45 మిల్లీమీటర్లు, స్కేలు సుమారు 1:20 నుంచి 1:32 వరకు తయారీదారు ఇష్టం. అవి పెరట్లో వేసుకునేవి. టీటీ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. జర్మనీ, తూర్పు ఐరోపాల్లో దానికి గట్టి పునాది ఉంది. 2022లో బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ కూడా 1:120లోకి దిగింది. హెచ్‌ఓకూ ఎన్‌కూ మధ్య చక్కటి రాజీ, పిల్లల చేతికీ పెద్దల కంటికీ ఎన్ కంటే అనుకూలం. మీకు నచ్చిన దేశపు రైళ్ళు టీటీలో దొరికితే తప్పక చూడండి. దొరక్కపోతే దాని జోలికి వెళ్ళకండి, ఎందుకంటే పాత సామాను తక్కువగా వచ్చే స్కేలులో తక్కువ బడ్జెట్ నిలవదు.

ఆ చివరి మాట మీద కాస్త నిలబడతాను. ఎంపికలో నేను అన్నిటికంటే పైన పెట్టేది సెకండ్ హ్యాండ్ సామాను లభ్యతే. జపాన్ రైళ్ళు ఇష్టమైతే ఎన్. అక్కడ రాజ్యమంతా దానిదే. బ్రిటిష్ రైళ్ళయితే ఓఓ. అమెరికా, పశ్చిమ ఐరోపా రైళ్ళయితే హెచ్‌ఓలో పుష్కలం, ఎన్‌లోనూ బాగానే. ముందు రైలును ఇష్టపడండి. అది ఏ స్కేలులో వాడిన ధరకు వస్తుందో అదే మీ స్కేలు. నలుగురు అభిరుచి గలవాళ్ళు మీకు అందుబాటులో ఉండి అందరూ ఒకే స్కేలులో ఉంటే మరీ మంచిది. అరువుకు పట్టాలు, మరమ్మతుకు చెయ్యి, అమ్ముకోవడానికి మనిషి దొరుకుతారు.

ఇక తిరగని హెచ్‌ఓ. చుట్టు లేకపోతే ఆట ఏముంది అనుకోకండి. ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ (పెట్టెలను విడదీసి, కలిపి వరుస మార్చే పని) అమరిక ఉంది, బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించినది. రెండే పాయింట్లు, మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజను వెనక్కి వచ్చే పట్టా మీద ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లే పడతాయి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. ఒక్కో వ్యాగన్ పేరు రాసిన ఎనిమిది చీటీల నుంచి ఐదు తీసి, ఆ వరుసలో రైలు కట్టాలి. ఎనిమిదిలో ఐదింటిని వరుసగా అమర్చే పద్ధతులు 6,720. అంటే ఆట అంత త్వరగా పాతబడదు. పైకి పిల్లల ఆటలా ఉంటుంది, మొదటి మూడు వ్యాగన్లు సులువుగానే కుదురుతాయి. నాలుగోది అడుగున ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీయడానికి కట్టిన వరుసను మళ్ళీ విప్పాలి.

కొలత కూడా మీకు సరిపోతుంది. 12 సెంటీమీటర్ల కురచ వ్యాగన్లు తీసుకుంటే పొడవైన సైడింగు 60, రెండు పాయింట్లకు సుమారు 36, వెనక్కి వచ్చే పట్టాకు ఓ 52. అన్నీ కలిపి ఒకటిన్నర మీటర్లు. బల్ల పొడవులో ఇంకా 30 సెంటీమీటర్లు మిగులుతుంది. వెడల్పు 30 చాలు, మిగతా సగం మీద గోదాము, రోడ్డు, ఊరు. ఒక ఇంజను, ఎనిమిది వ్యాగన్లు, రెండు పాయింట్లు, ఒక కంట్రోలర్, ఇంతే సామాను. ఇదే అమరిక ఎన్‌లో మీటరులో పడుతుంది గానీ నేను చేయమనను. గంటసేపు కొక్కేలు విడదీసే పనికి ఎన్ చాలా చిన్నది. పైగా షంటింగులో ఇంజను నత్తనడకన కదలాలి, ఆగాలి, మళ్ళీ కదలాలి. బరువైన హెచ్‌ఓ ఇంజను దాన్ని ఎంతో నిబ్బరంగా చేస్తుంది.

మధ్యే మార్గంగా సన్న గేజు రైళ్ళు కూడా ఉన్నాయి. ఇళ్ళు, మనుషులు, పెట్టెలు 1:76 లేదా 1:87లో, పట్టాలు మాత్రం ఎన్‌వి 9 మిల్లీమీటర్లవి. అసలు ప్రపంచంలో క్వారీలు, తోటలు, కొండ దారుల కోసం వేసిన బుల్లి రైళ్ళ నమూనా ఇది. ఇంజను చిన్నది, పెట్టెలు కురచ. మీ 249 వంపులో అవి సహజంగా ఇమిడిపోతాయి. పాత ఎన్ ఇంజను కింది భాగం కొని, పైన అట్టతోనో ప్లాస్టిక్ రేకుతోనో మీరే ఒళ్ళు కట్టవచ్చు. చేతిపని ఇష్టపడే వాళ్ళకు డబ్బుకు తగిన ఆనందం ఇంతగా ఇచ్చేది వేరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. మీ కోరిక ఎక్స్‌ప్రెస్ కాబట్టి బలవంతపెట్టను.

డబ్బు నిజంగా ఎక్కడ కారిపోతుందో చెబుతాను. పట్టాలు పొడవును బట్టి పెద్ద ఖర్చు కాదు, పాయింట్లు ఖర్చు. కాగితం మీద ప్లాన్ గీసినప్పుడు పట్టాల పొడవు కాదు, పాయింట్లను లెక్కపెట్టండి. వాటికి మోటార్లు వద్దు. వేలితో మార్చవచ్చు, బల్ల అంతా చేతికి అందుతుంది కదా. పెకో కంపెనీ పాయింట్లలో లోపలే స్ప్రింగు ఉంటుంది, మార్చిన వైపు నిలబడిపోతాయి. రెండో ఖర్చు డిజిటల్ కంట్రోల్, అంటే డీసీసీ. ప్రతి ఇంజనులో డీకోడర్, అంటే డిజిటల్ ఆదేశాలను అందుకునే చిన్న సర్క్యూట్, ఉండాలి. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలంటే అది అద్భుతమే. మీరు నడిపేది ఒక్కటి. మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌తో మొదలుపెట్టండి, డీకోడర్ సాకెట్ ఉన్న ఇంజన్లే కొనండి, మనసు మారితే తర్వాత బిగించుకోవచ్చు. ఆ కంట్రోలర్ ఎన్‌కూ హెచ్‌ఓకూ ఒకటే పనికొస్తుంది కనుక స్కేలు మారినా వృథా కాదు. అందుకే దాని విషయంలో పిసినారితనం చేయకండి. సెట్లలో వచ్చే బుల్లి కంట్రోలర్లలో చాలావాటికి నెమ్మదిగా కదిలించడం చేతకాదు. ఇంజను నిలబడి ఉంటుంది, లేదా ఒక్కసారిగా దూకుతుంది.

సెట్టు కొనాలా విడివిడిగా కొనాలా అన్నది పట్టాలను బట్టి ఉంటుంది. కింద ప్లాస్టిక్ గట్టుతో వచ్చే పట్టాలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ వాటితో నేరుగా కలవవు. సెట్టులోని పట్టాలనే మీరు ముందు ముందు కూడా కొనబోతున్నారంటే సెట్టు లాభం. లేకపోతే ఆ చుట్టు అటకెక్కుతుంది. మీటరు లెక్కన వచ్చే వంగే పట్టాలు చవక. అయితే 249 లాంటి బిగుతు వంపులో వాటి అతుకుల దగ్గర మూల పడుతుంది, రైలు అక్కడే దిగిపోతుంది. వంపులకు రెడీమేడ్ ముక్కలు, నేరు భాగాలకు వంగే పట్టా వాడండి.

వాడిన సామాను కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం, ఒక 9 వోల్టుల బ్యాటరీ పెట్టుకోండి. అయస్కాంతం పట్టాకు అతుక్కుంటే అది ఇనుము, తుప్పు పడుతుంది. పసుపు రంగులో ఉంటే ఇత్తడి, ఊరికే నల్లబడుతుంది. వెండి రంగులో కొద్దిగా పసుపు ఛాయ ఉండి అయస్కాంతానికి అంటకపోతే నికెల్ సిల్వర్, అదే కావాలి. చిన్న పట్టా ముక్క మీద ఇంజనును నిలబెట్టి, రెండు పట్టాలకూ బ్యాటరీ ఆనించండి. డీకోడర్ లేని ఇంజను కదలాలి. చక్రం తిరిగిన ప్రతిసారీ టిక్కు టిక్కుమని లెక్కగా శబ్దం వస్తే లోపల పళ్ళ చక్రం చీలి ఉంటుంది. లోహపు భాగాలు ఉబ్బి, సన్నటి పగుళ్ళు పట్టి ఉంటే అది జింకు మిశ్రమానికి పట్టే తెగులు. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు, దానికి వైద్యం లేదు. చక్రాల మీది రబ్బరు పట్టీలు గట్టిపడటం, కార్బన్ బ్రష్షులు అరగడం లాంటివి మాత్రం బేరం ఆడటానికి సాకులే, మార్చుకోవచ్చు. పాత పెట్టెల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి. సన్నటి, ఎత్తు తక్కువ పట్టాల మీద, కొన్ని తయారీల్లో, అవి పట్టా పక్కనున్న మేకుల తలలకు తగులుతూ పోతాయి. వాడిన సామానుతో బతకదలిస్తే హెచ్‌ఓలో కోడ్ 100, ఎన్‌లో కోడ్ 80 పట్టాలే నిశ్చింత. ఆ అంకె పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతుంది.

అలంకరణ మీద మొదటి ఏడాది దాదాపు ఏమీ ఖర్చు పెట్టకండి. అట్టపెట్టెలతో ఇళ్ళు, జల్లించిన మట్టితో నేల. ఆ మట్టిలో ముందు అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేయండి. లేకపోతే అది మోటారు అయస్కాంతాన్ని వెతుక్కుంటూ ఇంజనులోకి దూరుతుంది. తెల్ల జిగురులో నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కలిపి బొట్టు బొట్టుగా వేస్తే నేల రాయిలా గడ్డకడుతుంది. పాపకు ఈ పని రైలు తోలడం కంటే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యపోను.

చివరగా, మీ బంధువు ఇచ్చిన ఇంజను. దాన్ని తిరగేసి చూడండి. చక్రాల మధ్య పొడవాటి లోహపు పట్టీ, మధ్యలో జారుతూ వెళ్ళేలా అమర్చినది కనిపిస్తే అది మార్క్లిన్ తరహా మూడు పట్టాల పద్ధతి ఇంజను. మధ్యలో వరుసగా చిన్న లోహపు బొడిపెలున్న పట్టాల మీదే నడుస్తుంది. మామూలు రెండు పట్టాల లైను మీద పెడితే షార్టు అవుతుంది, 9 వోల్టుల పరీక్ష కూడా దానికి పనికిరాదు. అలాంటిదైతే దాన్ని అమ్మేసి ఆ డబ్బుతో మొదటి ఎన్ ఇంజను కొనండి, లేదా అద్దాల బీరువాలో పెట్టుకోండి. పట్టీ లేకపోతే బ్యాటరీతో పరీక్షించండి. కదిలిందంటే నెలాఖరుకు రెండు హెచ్‌ఓ పాయింట్లు, నాలుగు వాడిన వ్యాగన్లు కొని బల్ల మీద మేకులు కొట్టకుండా ఊరికే పరచండి. చీటీలు రాసి పాపతో ఒక వారం ఆడండి. ఇద్దరికీ అందులో కాలం తెలియకుండా పోతుంటే హెచ్‌ఓలో ఉండిపోండి, మిగతా నాలుగు వ్యాగన్లు కొనండి. మూడో రోజుకే "రైలు ఎప్పుడు తిరుగుతుంది?" అని పాప అడిగితే ఆ సామాను కొన్న ధరకు దాదాపుగా అమ్ముడుపోతుంది. అప్పుడు ఎన్ చుట్టు వేయండి: 249 వంపులు, ఒక్క లూప్ లైను, రెండు పాయింట్లు, నాలుగు కురచ పెట్టెలు. ఐదో పెట్టె కొనే ముందు మంచి కంట్రోలర్ ఉందో లేదో చూసుకోండి.